మోకాలి ఆపరేషన్ అయిన కుక్కకి ఇంట్లో వ్యాయామం ఎలా చేయించాలి

లాబ్రడార్, రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి బరువైన కుక్కల్ని పెంచేవాళ్ళలో చాలామందికి ఈ కథ తెలిసే ఉంటుంది. ఒకరోజు వెనక కాలు ఎత్తి పట్టుకుని నడుస్తుంది, బెణికి ఉంటుందిలే అనుకుంటాం, రెండ్రోజుల్లో కొంచెం తగ్గుతుంది కూడా, మళ్ళీ మొదలవుతుంది, చివరికి ఎక్స్‌రే తీయించి డాక్టర్ మోకాలిని అటూ ఇటూ కదిపి చూసి క్రూసియేట్ లిగమెంట్ (మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే గట్టి పట్టీ) తెగిందండీ, ఆపరేషన్ చేయాలి అంటారు. సరే, చేయిస్తాం. డిశ్చార్జ్ రోజు మందుల చీటీ చేతిలో పెట్టి "రెస్ట్ ఇవ్వండి, మెల్లగా నడిపించండి" అని పంపేస్తారు. మెల్లగా అంటే ఎంత మెల్లగా? ఎన్ని నిమిషాలు? మెట్లు ఎప్పుడు ఎక్కనివ్వాలి? ఇక్కడ రాస్తున్నది దాని గురించే.

మీ సర్జన్ మీకు వేరే చార్టు ఇచ్చి ఉంటే అదే పాటించండి. మీ కుక్క ఎముక ఎలా ఉంది, ప్లేటు ఎలా కూర్చుంది అనేది చూసింది ఆయనే. కింద చెప్పేవి మామూలుగా సాఫీగా జరిగిన ఆపరేషన్ తర్వాత వాడే లెక్కలు.

లోపల ఏం జరిగిందో ముందు అర్థం చేసుకోండి

కుక్క మోకాలి కింద ఉండే ఎముక పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది. బరువు మోపిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద నుంచి జారబోతుంది, జారకుండా పట్టి ఉంచేది ఈ లిగమెంట్. మనుషుల్లో ఆటలాడుతూ ఒక్కసారి మెలిపడి తెగడం ఎక్కువ. కుక్కల్లో చాలావరకు నెలల తరబడి పీచులు పీచులుగా దెబ్బతింటూ వచ్చి, ఒకరోజు సోఫా మీంచి దూకినప్పుడు మిగిలింది కూడా పోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అని అందరం అనేది అందుకే.

పెద్ద కుక్కలకి ఇప్పుడు ఎక్కువగా చేసేది టీపీఎల్ఓ అనే ఆపరేషన్. అమెరికాలో బార్క్లే స్లోకమ్ అనే వెటర్నరీ సర్జన్ 1990ల్లో తీసుకొచ్చిన పద్ధతి ఇది. కాలి ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, వాలు తగ్గేలా కొంచెం తిప్పి, మెటల్ ప్లేటు పెట్టి స్క్రూలతో బిగిస్తారు. లిగమెంట్‌ని తిరిగి కుట్టరు, అది లేకపోయినా మోకాలు జారకుండా ఎముక ఆకారాన్నే మారుస్తారు. అంటే ఇప్పుడు మానాల్సింది ఆ కోసిన ఎముక. దానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. కుక్క మాత్రం చాలాసార్లు రెండు వారాలకే కాలు మోపి నడిచేస్తుంది, నాలుగో వారానికి బంతి కోసం ఎగబడుతుంది. దానికి నొప్పి లేదు కానీ ఎముక ఇంకా అతుక్కోలేదు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న వారాల్లోనే స్క్రూలు వదులవడాలూ, ప్లేటు వంగడాలూ జరుగుతాయి. కాబట్టి మీ పని కుక్కని నడిపించడం కంటే ఆపడమే ఎక్కువ.

చిన్న కుక్కలకి ఒక్కోసారి మోకాలి బయటి నుంచి గట్టి నైలాన్ దారంతో కట్టే పద్ధతి వాడతారు. అక్కడ దారం కొంతకాలమే పట్టి ఉంచుతుంది, ఆలోపు కీలు చుట్టూ గట్టి కణజాలం ఏర్పడాలి. అలాంటప్పుడు ఇంకా నిదానం కావాలి, ఏ వారంలో ఏం చేయించాలో డాక్టర్‌ని విడిగా అడగండి.

ఆపరేషన్ అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు "పుత్తూరు కట్టు కట్టిస్తే పోలా" అంటారు. కట్టు వల్ల తెగిన క్రూసియేట్ లిగమెంట్ అతుక్కోదు, పైగా కుక్క కాలికి బిగువుగా కట్టిన కట్టు రక్తం ఆడకుండా చేసి కొత్త ప్రమాదం తెస్తుంది. ఇంకో సంగతి, కుంటే ప్రతి కుక్కకీ లిగమెంట్ తెగినట్టు కాదు. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కూడా కీళ్ళు వాచి కుంటుతాయి. ఒక్కో రోజు ఒక్కో కాలు కుంటుతూ, తిండి మానేసి డల్‌గా ఉంటే కత్తి దాకా వెళ్ళేముందే రక్తపరీక్ష చేయించండి.

కుక్క ఇంటికి రాకముందే చేయాల్సినవి

మన ఇళ్ళల్లో పెద్ద శత్రువు నేల. విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, మార్బుల్, ఏదైనా సరే, కుక్క పాదానికి పట్టు ఉండదు. మూడు కాళ్ళ మీద లేవబోయి నాలుగో కాలు జారి పక్కకి చాపుకుపోవడం ఒక్కసారి జరిగితే చాలు. కాబట్టి కుక్క పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా మ్యాట్లు పరిచేయండి. యోగా మ్యాట్లు బాగా పనికొస్తాయి, కింద రబ్బరు ఉన్న డోర్ మ్యాట్లు కూడా. పాత దుప్పట్లు మాత్రం వద్దు, టైల్ మీద అవే జారతాయి. గోళ్ళు కత్తిరించండి, పాదాల అడుగున వేళ్ళ మధ్య పెరిగిన బొచ్చు కూడా తీయించండి. నడుస్తుంటే గోళ్ళు టకటకమని చప్పుడు చేస్తున్నాయంటే పెరిగిపోయాయని అర్థం.

తర్వాత దాన్ని ఉంచే చోటు. పెద్ద క్రేట్ (కుక్కని ఉంచే పంజరం) ఉంటే మంచిదే, లేకపోతే హాల్లో ఒక మూల సోఫానీ డైనింగ్ కుర్చీలనీ అడ్డం పెట్టి చిన్న ఆవరణ చేయండి. అది లేచి తిరిగి పడుకోగలగాలి, పరుగు తీసేంత జాగా ఉండకూడదు. సోఫా, మంచం, మెట్లు, బాల్కనీ అన్నీ మూతే. ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి, బంతి చూపించి ఊరించడం, బెల్ మోగగానే దాని పేరు పెట్టి పిలవడం ఈ మూడు నెలలూ బంద్. కాలింగ్ బెల్ అసలు తీసేయగలిగితే ఇంకా మంచిది, డెలివరీ వాళ్ళని ఫోన్ చేయమనండి.

పెద్ద టర్కీ తువాలు ఒకటి పక్కన పెట్టుకోండి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు దాన్ని పొట్ట కింద, వెనక కాళ్ళకి కాస్త ముందుగా వేసి రెండు కొసలూ పైన పట్టుకోవాలి. కుక్కని వేలాడదీయకూడదు, తూలితే ఆసరాగా ఉండేంతే. మగకుక్క అయితే మూత్రం పోసేచోట తువాలు ఒత్తుకోకుండా కొంచెం ముందుకి జరపండి. లిఫ్ట్ లేని ఇంట్లో పై అంతస్తులో ఉంటే ఈ కొన్ని వారాలూ కింద ఎవరి ఇంట్లోనైనా ఉంచే ఏర్పాటు దొరుకుతుందేమో చూడండి. 30 కేజీల కుక్కని రోజుకి మూడుసార్లు ఎత్తుకుని మెట్లు దిగడం మీ నడుముకి మంచిది కాదు.

మొదటి రెండు వారాలు

ఈ రెండు వారాల్లో నడక అంటే టాయిలెట్‌కి వెళ్ళి రావడమే. 5 నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు, పొట్టి లీష్ మీద. ఇంట్లో ఆవరణ దాటినా లీష్ ఉండాల్సిందే. పొడుగు సాగే లీష్‌లు ఉంటాయి చూడండి, అవి ఈ మూడు నెలలూ అటక మీద పెట్టేయండి.

మొదటి మూడు రోజులు ఐస్ పెట్టాలి. ఫ్రీజర్‌లోని బఠాణీల ప్యాకెట్‌ని పల్చటి గుడ్డలో చుట్టి మోకాలి చుట్టూ 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. ఐస్‌ని నేరుగా చర్మం మీద పెట్టకండి, అక్కడ బొచ్చు గొరిగేసి ఉంటుంది. ఈ రోజుల్లో వేడి కాపడం వద్దు, వాపు ఎక్కువవుతుంది. నాలుగైదు రోజులు గడిచి వాపూ వేడీ తగ్గాక, వ్యాయామానికి ముందు గోరువెచ్చటి కాపడం పెట్టొచ్చు, వేడిని ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి. మనవాళ్ళు వేసే ఉప్పు మూట బాగానే పనిచేస్తుంది, కాకపోతే మరీ వేడిగా కాకుండా, కుట్ల మీద కాకుండా, తొడ కండ మీద. వ్యాయామం అయ్యాక ఐస్. ముందు వేడి, తర్వాత చల్లదనం, ఈ వరస చాలా వారాల దాకా పనికొస్తుంది.

కాలిని మనమే వంచి చాపే వ్యాయామం డాక్టర్ సరే అన్నాక మొదలుపెట్టాలి, సాధారణంగా మొదటి వారంలోనే అంటారు. కుక్కని మంచి కాలు కిందకి వచ్చేలా పక్కకి పడుకోబెట్టండి. ఒక చెయ్యి తొడ కింద, మోకాలికి పైన; ఇంకో చెయ్యి మోకాలి కింద, పిక్క దగ్గర. కాలు మొత్తం బరువు మీ చేతుల్లోనే ఉండాలి, కీలు మెలిపడకుండా నేలకి సమాంతరంగా ఉంచాలి. ఇప్పుడు మెల్లగా వంచండి, ఎక్కడ కొంచెం బిగుసుకుందో అక్కడ ఆగి రెండు మూడు సెకన్లు ఉంచి, మెల్లగా చాపండి. 10 నుంచి 15 సార్లు, రోజుకి రెండు మూడు విడతలు. ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్ మోకాలు సుమారు 40 డిగ్రీల దాకా వంగి, 160 డిగ్రీల దాకా చాపుకుంటుంది. మొదటి వారంలోనే అంత రావాలని లాగకండి. వంగడం త్వరగానే వస్తుంది, పూర్తిగా చాపడం వెనకబడుతుంది. నడకలో కుంటు మిగిలిపోయేది ఎక్కువగా చాపడం తగ్గిన కుక్కల్లోనే కాబట్టి కన్ను దాని మీద ఉంచండి.

నొప్పి పుడితే కుక్క అరవదు, చాలావరకు. మీ చేతి వైపు తల తిప్పుతుంది, పెదాలు నాక్కుంటుంది, కళ్ళలో తెల్లగుడ్డు కనపడేలా పక్క చూపు చూస్తుంది, ఒగర్చడం ఒక్కసారి ఆపుతుంది. వీటిలో ఏది కనిపించినా అక్కడికి ఆపి, అంతకంటే తక్కువ దూరంలో చేయండి. మూతి పట్టుకుని బలవంతంగా చేయిస్తే మర్నాటి నుంచి మీరు దగ్గరికి రాగానే కాలు బిగబడుతుంది, ఇక ఆ వ్యాయామం ఎంత చేసినా ఉపయోగం లేదు.

తొడకి మర్దన కూడా చేయొచ్చు. అరచేతితో పాదం వైపు నుంచి పైకి, తుంటి వైపుకి మెల్లగా నిమరండి, 5 నిమిషాలు. కుట్ల జోలికి వెళ్ళకండి. నూనె అక్కర్లేదు, నువ్వుల నూనె అయినా ఆవనూనె అయినా నాకేస్తుంది, మ్యాట్లన్నీ జిడ్డయి జారతాయి. మనం వాడే నొప్పుల ఆయింట్‌మెంట్లూ స్ప్రేలూ అసలు వద్దు, నాకితే ఆ మందు కడుపులోకి వెళ్తుంది.

మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మనుషుల పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మీ అంతట మీరు కుక్కకి వేయకండి. పొట్టలో పుళ్ళు పడటం, కిడ్నీలు, కాలేయం దెబ్బతినడం వీటితో జరిగేవే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక్క పారాసిటమాల్ మాత్రే దాని ప్రాణం తీయగలదు. కుక్కలకి మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ లాంటివి బరువుని బట్టి రాస్తారు, తిండి పెట్టాకే వేయాలి. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే మాత్ర ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా మెడకి కోన్ (కుట్లు నాకకుండా తొడిగే ప్లాస్టిక్ గరాటు) ఉండాల్సిందే. "పాపం, ఇబ్బంది పడుతోంది" అని ఒక గంట తీస్తారు, ఆ గంటలోనే నాకి నాకి కుట్లు ఊడదీసుకుంటుంది. స్నానం కూడా కుట్లు తీశాకే.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా

నడక ఇప్పుడు 10 నిమిషాలకి పెంచండి, రోజుకి మూడుసార్లు. ప్రతి వారం ఒక 5 నిమిషాల కంటే ఎక్కువ కలపకండి, ఆరో వారానికి ఒక్కో విడత 20 నిమిషాల దగ్గరికి వస్తే చాలు. నిమిషాల కంటే వేగం ముఖ్యం. ఎంత మెల్లగా అంటే, నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా నేల మీద పడుతున్నట్టు మీ కంటికి కనపడాలి. మెల్లగా నడిచే కుక్క ఆ కాలు మోపక తప్పదు, వేగం పెరిగితే కాలు ఎత్తేసి మిగతా మూడింటితో గెంతుకుంటూ పోతుంది. ఇంత నిదానంగా నడవడం మనకి విసుగు, అరుగుల మీద ముచ్చట్లాడే పెద్దవాళ్ళతో పంపిస్తే మనకంటే వాళ్ళే బాగా చేయిస్తారు. కాకపోతే కుక్క లాగితే తట్టుకునే ఓపిక వాళ్ళకి ఉండాలి, వీధికుక్కలు ఎగబడే రోడ్డు అయితే వాళ్ళని పంపకండి.

వేసవిలో అయితే ఉదయం 6 లోపు, రాత్రి నేల చల్లారాక. అరచేయి వెనక భాగం రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉంచలేదు.

ఈ దశలో మూడు వ్యాయామాలు చాలు, ఎక్కువ పెట్టుకోకండి.

మొదటిది బరువు మార్చడం. మామూలుగా కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీద, 40 శాతం వెనక కాళ్ళ మీద మోస్తుంది. అంటే ఒక్కో వెనక కాలికి 20 శాతం. ఆపరేషన్ అయిన కుక్క ఆ 20నీ మిగతా మూడింటికి పంచేస్తుంది, నిలబడే ఉంటుంది కానీ పాదం కొసే నేలకి తాకుతుంది. కుక్కని మ్యాట్ మీద చతురస్రంగా నిలబెట్టి, తుంటికి రెండు వైపులా చేతులు పెట్టి, మెల్లగా దెబ్బ తగిలిన కాలి వైపుకి ఒరిగేలా నెట్టండి, రెండు మూడు సెకన్లు ఆపి వదిలేయండి. 10 సార్లు. పడిపోయేలా నెట్టడం లేదు, అది తనంతట తాను కండ బిగించి నిలబడాలి. బాగా అలవాటయ్యాక మంచి వెనక కాలిని కొన్ని సెకన్లు పైకి ఎత్తి పట్టుకోండి, అప్పుడు బరువంతా ఆపరేషన్ కాలి మీదకి వస్తుంది. ఇది ఐదో వారం ముందు మొదలుపెట్టకండి.

రెండోది కూర్చో, లే. నాకు అన్నిటికంటే బాగా నచ్చింది ఇదే, ఖర్చు లేదు, జాగా అక్కర్లేదు, తొడ కండ దీనితో పెరిగినంతగా దేనితోనూ పెరగదు. కాకపోతే ఎలా కూర్చుంటుందో చూడాలి. నొప్పి ఉన్న కుక్క కాలుని పక్కకి చాపేసి ఒరిగి కూర్చుంటుంది, అలా ఎన్నిసార్లు కూర్చున్నా లాభం లేదు. ఆపరేషన్ కాలి వైపు గోడ ఉండేలా నిలబెట్టండి, కాలు చాపుకునే దారి ఉండదు. చేతిలో చిన్న ముక్క ఏదైనా పెట్టుకుని ముక్కు దగ్గర నుంచి కొంచెం వెనక్కి, పైకి తీసుకెళ్తే కూర్చుంటుంది. ముందుకి, పైకి లాగితే లేస్తుంది. లేచేటప్పుడు రెండు వెనక కాళ్ళతోనూ సమానంగా తోస్తోందా చూడండి. 5 సార్లతో మొదలు, రోజుకి రెండు విడతలు, రెండు వారాల్లో 10, 15కి తీసుకెళ్ళొచ్చు. మొదట్లో పూర్తిగా కూర్చోలేకపోతే ఎత్తుగా గట్టి దిండు ఒకటి వేసి దాని మీద కూర్చోబెట్టండి, మోకాలు అంతగా వంగాల్సిన పని ఉండదు.

మూడోది ఎనిమిది అంకె ఆకారంలో నడక. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండు పిల్లర్లు ఉంటాయి కదా, వాటి చుట్టూ తిప్పండి. మలుపు లోపలి వైపు ఉన్న కాలి మీద బరువు ఎక్కువ పడుతుంది, అటూ ఇటూ మారుతుంటుంది కాబట్టి రెండు వైపులా పనిచేస్తుంది. మొదట పెద్ద మలుపులు, తర్వాత చిన్నవి. రెండు మూడు చుట్లు చాలు.

ఈ వారాల్లో కుక్కకి ఒంట్లో బాగుంటుంది, చేయడానికి పని ఉండదు, మీ ప్రాణం తీస్తుంది. దాని బుర్రకి పని పెట్టండి. తిండంతా గిన్నెలో పోసి పెట్టేయకుండా సగం పాత తువాలు మడతల్లో దాచి ముక్కుతో వెతుక్కోనివ్వండి. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద ముక్క పెట్టండి. ఉప్పు వేయని పెరుగు స్టీలు గిన్నెలో గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతూ కూర్చుంటుంది. ఇంకా తట్టుకోలేనంత హుషారుగా ఉంటే డాక్టర్‌ని అడగండి, కొన్నాళ్ళపాటు నెమ్మదిగా ఉంచే మందులు రాస్తారు, అందులో తప్పేమీ లేదు.

వినాయక చవితి డప్పులు, దీపావళి టపాసులు ఈ మధ్యలో పడితే ఆ రోజులకి ముందే ప్లాన్ చేసుకోండి. చప్పుడుకి బెదిరి ఎగిరి దూకే కుక్కని ఎవరూ ఆపలేరు. కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ వేసి, లీష్ చేతిలో పట్టుకుని పక్కనే కూర్చోండి.

ఎక్స్‌రే తర్వాత

6 నుంచి 8 వారాల మధ్య మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. కుక్క బాగానే నడుస్తోంది కదా, మళ్ళీ మత్తు, మళ్ళీ డబ్బులు ఎందుకని ఇది ఎగ్గొట్టేవాళ్ళు ఉన్నారు. ఎగ్గొట్టకండి, ఎముక అతుక్కుందో లేదో చెప్పేది అదొక్కటే. అతుక్కుందని డాక్టర్ చెప్పాకే కిందవి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఉంటుంది చూడండి, దాని కంటే మంచి జిమ్ దొరకదు. వాలు ఎక్కేటప్పుడు బరువు వెనక కాళ్ళ మీదకి మారుతుంది, కాలు వెనక్కి పూర్తిగా చాపి తోయాలి. మెల్లగా పైకి, రెండు మూడుసార్లు, వాహనాలు లేని సమయం చూసుకుని. దిగేటప్పుడు ఇంకా నిదానం.

చీపురు కర్రలో, పీవీసీ పైపు ముక్కలో నాలుగైదు తీసుకుని నేల మీద వరసగా పెట్టి దాటించండి, కుక్క భుజం ఎంత ఎత్తుందో సుమారు అంత ఎడంతో. నేల మీదే తడబడకుండా దాటుతుంటే కింద పుస్తకాలో ఇటుకలో పెట్టి కొంచెం ఎత్తు పెంచండి. దూకకూడదు, ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేయాలి. దూకుతోందంటే మీరు ఎత్తు ఎక్కువ పెట్టారు, లేదా అది తొందరపడుతోంది. తర్వాత వెనక్కి నడిపించడం, గోడకీ సోఫాకీ మధ్య సందులో నిలబెట్టి మీరు ముందు నుంచి ఒక్కో అడుగు వేస్తే అదే వెనక్కి జరుగుతుంది. మెట్లు అన్నిటికంటే చివర. లీష్ మీద, ఒక్కో మెట్టు, మొదట నాలుగైదు మెట్లు. రెండు వెనక కాళ్ళూ కలిపి కుందేలులా గెంతుతోందంటే ఇంకా టైమ్ ఉందని అర్థం.

ఈదించొచ్చా అని అందరూ అడుగుతారు. ఈత మంచిదే, కీలు మీద బరువు పడదు, కానీ ఈదేటప్పుడు కాలు బాగా వంగుతుంది, పూర్తిగా చాపుకోదు, పైగా గట్టు ఎక్కేటప్పుడు, దూకేటప్పుడు జారే ప్రమాదం ఉంది. ఎముక అతకకముందు చెరువూ వద్దు, ఫామ్‌హౌస్ స్విమ్మింగ్ పూలూ వద్దు. నీళ్ళలో నడిపించే ట్రెడ్‌మిల్ ఉన్న సెంటర్ మీ ఊళ్ళో ఉంటే అది వేరే సంగతి. అక్కడ నీటి మట్టాన్ని బట్టి కాలి మీద ఎంత బరువు పడాలో నిర్ణయిస్తారు, నడక పద్ధతి కూడా సరిగ్గా వస్తుంది. వెళ్ళేముందు అక్కడ చేయించేవాళ్ళ అర్హత అడగండి. సీసీఆర్‌పీ, సీసీఆర్‌టీ లాంటివి కుక్కల రిహాబ్‌కి (కోలుకోవడానికి చేయించే వ్యాయామ చికిత్సకి) ప్రత్యేకంగా ఇచ్చే సర్టిఫికెట్లు, మొదటిది అమెరికాలోని టెన్నెసీ యూనివర్సిటీ కోర్సుతో మొదలైంది. అవి లేకపోయినా కనీసం మీ సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడి పనిచేసేవాళ్ళయి ఉండాలి. దగ్గర్లో సెంటర్ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల సర్జరీ విభాగంలో అడిగి చూడండి, వ్యాయామాలు ఎదురుగా చేసి చూపించమనండి. ఏదీ దొరక్కపోయినా దిగులుపడకండి, పైన చెప్పిన కూర్చో-లే, ర్యాంపు, మెల్లటి నడక ఈ మూడూ శ్రద్ధగా చేయిస్తే ఇంటి దగ్గరే చాలా దూరం వస్తారు.

బరువు తగ్గకపోతే ఇదంతా వృథా శ్రమే

నిర్మొహమాటంగా చెప్తున్నా, మన దగ్గర పెంచే లాబ్రడార్లలో చాలావాటికి నడుమే కనిపించదు. చేతివేళ్ళు పక్కటెముకల మీద తేలిగ్గా జరిపితే ఎముకలు తగలాలి, పై నుంచి చూస్తే పొట్ట వెనక సన్నగా నడుం కనపడాలి. లేదంటే ఎక్కువ బరువు ఉన్నట్టే. కీళ్ళనొప్పులున్న లావు కుక్కల మీద చేసిన అధ్యయనంలో ఒంటి బరువులో 6 శాతం పైచిలుకు తగ్గేసరికే కుంటు తగ్గడం కనిపించింది. 35 కేజీల కుక్కకి అది రెండు కేజీల చిల్లర, అంతే. 2002లో వచ్చిన ఇంకో అధ్యయనం 48 లాబ్రడార్లని చిన్న కూనలప్పటి నుంచి చివరిదాకా చూసింది. వాటిని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు, అవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది.

రెస్ట్‌లో ఉన్న కుక్కకి మామూలు రోజుల తిండి పెట్టకండి. ఎంత తగ్గించాలో డాక్టర్‌ని అడిగి, గుప్పెడు లెక్కన కాకుండా కిచెన్ తూకం మీద కొలిచి పెట్టండి. ముందు తగ్గించాల్సింది అన్నం, చపాతీలు, మనం తింటూ పక్కన పడేసేవి. వ్యాయామంలో ఇచ్చే ముక్కలు కూడా ఆ రోజు లెక్కలోంచే తీయాలి. కీర, క్యారెట్, ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలు బాగుంటాయి. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం లెక్కే. నాన్నమ్మలకి ఈ విషయం ఒకటికి పదిసార్లు చెప్పాలి, "ఒక్క ముక్కే కదరా" అనేది రోజుకి ఎనిమిదిసార్లు జరుగుతుంది.

ఎక్కడ ఆగాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి

రోజువారీ లెక్క ఒకటే. ఈరోజు చేయించింది సరిపోయిందా, ఎక్కువైందా అనేది రేపు పొద్దున తెలుస్తుంది. పొద్దున లేచాక నిన్నటికంటే ఎక్కువ కుంటుతుంటే ఆ రోజు వ్యాయామం మానేసి, మర్నాటి నుంచి సగానికి తగ్గించి, మూడు నాలుగు రోజులు అలాగే ఉంచి మళ్ళీ మెల్లగా పెంచండి.

అప్పటిదాకా మోపుతున్న కాలుని ఒక్కసారిగా పూర్తిగా ఎత్తేస్తే, మోకాలు వేడిగా వాస్తే, కుట్ల దగ్గర చీము గానీ నీరు గానీ కారితే, నడుస్తుంటే మోకాల్లో టక్కుమని చప్పుడు మొదలైతే, తిండి మానేసి జ్వరంగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టక్ చప్పుడు చాలాసార్లు లోపలి మెనిస్కస్ (మోకాల్లో ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరిగినందువల్ల వస్తుంది, దాన్ని వ్యాయామంతో సరిచేయలేం.

వారానికి ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి, ఒకటి వెనక నుంచి, ఒకటి పక్క నుంచి, అదే చోట, అదే వేగంతో. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. టైలర్ టేపుతో రెండు తొడల చుట్టుకొలతా రాసుకోండి, ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే మనిషి కొలవాలి. ఆపరేషన్ అయిన కాలి తొడ మొదట్లో బాగా సన్నబడుతుంది, ఎముక మూడు నెలల్లో మానినా కండ పూర్తిగా రావడానికి ఇంకా నెలలు పడుతుంది. రెండు కొలతలూ దగ్గరపడి, డాక్టర్ చూసి సరే అన్నాక లీష్ లేకుండా వదలొచ్చు, అది కూడా మొదట 5 నిమిషాలు, గడ్డి నేల మీద, ఇంకో కుక్క లేనప్పుడు.

రెండో మోకాలి మీద కూడా కన్నేసి ఉంచండి. ఒక కాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో చాలావాటికి ఒకట్రెండేళ్ళలో రెండోది కూడా తెగుతుంది, లోపల జరిగే అరుగుదల రెండు వైపులా ఉంటుంది కాబట్టి. బరువు తగ్గించడం, జారని నేల, ర్యాంపు నడక, కూర్చో-లే వారానికి మూడు నాలుగు రోజులు కొనసాగించడం, ఇవి దాని కోసం కూడా. సోఫా ఎక్కడానికి ఒక చిన్న మెట్టు చేయించి పెట్టండి, కారు ఎక్కించేటప్పుడు వెనక భాగం కింద చెయ్యి వేసి ఎక్కించండి. మంచి కాలు పొద్దున్నే బిగుసుకున్నట్టు ఉండి, కాసేపు నడిచాక సర్దుకుంటున్నట్టు కనిపిస్తే అది పూర్తిగా తెగేదాకా చూడకుండా ఆ వారమే చూపించండి.